నలభై ఒక్క సున్నం గుర్తులు

హైమవతికి భయపడడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. కుక్క మొరిగితే భయం, మొరక్కపోతే ఎక్కడో పొంచి ఉందని భయం. పోస్ట్‌మాన్ గుమ్మం ముందు సైకిలు ఆపితే ఎవరో పోయారనుకునేది. బస్సెక్కితే చెకింగువాళ్లు వస్తారేమోనని టికెట్టు చేతిలో నలిగి ముద్దయ్యేదాకా పట్టుకు కూర్చునేది. రెండేళ్లు ఆమెతో ఒకే గదిలో ఉన్నాను. ఆమె తెలుగు చెప్పేది, నేను లెక్కలు. నాది కొంచెం దురుసు నోరు. పిరికివాళ్లంటే నాకు చిరాకు. ఆ సంగతి ఆమెకి రోజుకి నాలుగుసార్లైనా చెప్పేదాన్ని.

మా బడి నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఉండేది. ఊరి పేరెందుకులెండి, ఆ మనుషుల్లో కొందరు ఇంకా ఉన్నారు. అది పంతొమ్మిది వందల ఎనభై ఆరు. జనవరిలో మా ఇంగ్లీషు మాస్టారు వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయారు. హెడ్మాస్టరుగారు ఏడో తరగతి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి హైమవతి చేతిలో పెట్టి, పరీక్షల దాకా సర్దుకోమన్నారు. ఆమె ఆ పుస్తకాన్ని గదికి తెచ్చి, మంచం మీద కాకుండా కింద పెట్టి, దానికి దూరంగా కూర్చుంది.

ఆమె భయాలన్నింటికీ తల్లి భయం ఒకటుంది. ఆమెది టెంపరరీ పోస్టు. మార్చిలో బడి కమిటీ ప్రెసిడెంటుగారు వెంకటకృష్ణారావుగారు సంతకం పెడితే ఖాయమవుతుంది. పెట్టకపోతే జి. కొండూరులో అన్నగారింటికి వెళ్లాలి. అక్కడ వదినగారు ఆమె తినే ముద్దలు లెక్కపెడతారు. మా గది చిన్నదే. పెంకులు కారేవి, కిటికీకి తలుపు లేదు. అయినా అందులో ఆమె అన్నం ఎంత తిన్నా అడిగేవాళ్లు లేరు. ఆ గది కోసం, ఆ అన్నం కోసం ఆమెకి ఆ సంతకం కావాలి.

ఫిబ్రవరి మధ్యలో ఒక పాఠం దగ్గర ఆమె ఆగిపోయింది. ఎవరి వస్తువు ఎవరిదో చెప్పే పాఠం అది. రైతు తోట అని మనం హాయిగా అంటాం. రైతుకీ తోటకీ మధ్య ఏ గుర్తూ అక్కర్లేదు. రాముడైతే రాముడి, ఇల్లైతే ఇంటి, అంతటితో సరి. ఇంగ్లీషులో అలా కుదరదు. ఫార్మర్ పక్కన గాల్లో వేలాడే చిన్న కొక్కెం ఒకటి పెట్టి, తర్వాత ఎస్ రాయాలి. రైతులు పదిమందైతే ఎస్ ముందు రాసి, కొక్కెం తర్వాత పెట్టాలి. చిల్డ్రన్ దగ్గరికొచ్చేసరికి పిల్లలు వందమందైనా కొక్కెం మళ్లీ ఎస్‌కి ముందుకే వస్తుంది.

"అది అక్షరం కాదు, చుక్కా కాదు. పిల్లలెవరైనా లేచి అదెందుకు టీచర్ అంటే ఏం చెప్పను శకుంతలా?" అంది.

"కూర్చోమని చెప్పు."

"వాళ్లు ఇళ్లకెళ్లి చెబితే? ప్రెసిడెంటుగారికి తెలిస్తే?"

నేను దుప్పటి ముసుగేసుకున్నాను. ఆమె మటుకు అరచేతిలో పెన్నుతో ఆ కొక్కేలు రాసుకుంటూ, చెమటకి చెరిగిపోతే మళ్లీ రాసుకుంటూ కూర్చుంది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మామిడి పూత నిలిచి పిందె కడుతున్న రోజుల్లో వ్యాపారులు తోటలు చూసుకుంటూ తిరుగుతారు. కాపు కాపంతా ముందే మాట్లాడుకుంటారు. చెట్టు రైతుదే, ఆ ఏటి కాయ మాత్రం వ్యాపారిది. మాట కుదిరిన వెంటనే రోడ్డువైపు చెట్ల బోదెల మీద వ్యాపారి మనిషి సున్నంతో గుర్తు వేస్తాడు. సున్నం పడిన తోటలోకి ఇంకో వ్యాపారి అడుగు పెట్టడు. మాట తప్పిపోతే, గుర్తు వేసినవాళ్లే పగటిపూట పదిమంది ముందుకొచ్చి వదులుకున్నామని చెప్పి, తమ చేత్తో తుడవాలి. తోట యజమాని నా తోట ఎవరికీ ఇవ్వలేదని మొత్తుకున్నా నమ్మరు. ఒకరికి మాటిచ్చి, ఇంకొకరు ఎక్కువ ఇస్తారని దాచే రైతుల్ని వాళ్లు చూసినవాళ్లే.

మర్నాడు నేను పక్క క్లాసులో భిన్నాలు చెబుతున్నాను. హైమవతి గొంతు గోడ దాటి వినిపించింది. అంతకు ముందెప్పుడూ అలా వినిపించలేదు. కిటికీలోంచి అవతలి తోట చూపించి అడుగుతోంది.

"ఆ చెట్టు ఎవరిది?"

"సుబ్రహ్మణ్యంగారిది టీచర్!"

"కాయ?"

"విస్సన్నపేట షావుకారుది!"

"మీకెలా తెలుసు?"

"సున్నం ఉందిగా టీచర్!"

"ఈ కొక్కెం కూడా ఆ సున్నం లాంటిదే. ఇది ఫలానావాళ్లది అని చెబుతుంది. ఒక్కరిదైతే ఇక్కడ, పదిమందిదైతే ఇక్కడ."

క్లాసంతా ఒక్కసారిగా అర్థమైన చప్పుడు చేసింది. పాఠాలు చెప్పేవాళ్లకి ఆ చప్పుడు తెలుస్తుంది. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. బెల్లు కొట్టే ముందు ఆమె, ఒక్కొక్కరూ తమ పేరుతో ఒకటి రాసుకు రమ్మని హోమ్‌వర్కు ఇచ్చింది. ప్రెసిడెంటుగారి తోట కాపలాదారు యలమంద కూతురు బుజ్జమ్మ లేచి, "పుస్తకంలోనే రాయాలా టీచర్?" అంది. హైమవతి ఆ సంతోషంలో, "ఎక్కడైనా రాయండి, తప్పు లేకుండా రాయండి" అంది.

ఆ వారం కమిటీ మీటింగు కోసం బడి గోడలకి వెల్ల వేయించారు. ఆ పని నాకప్పగించారు. సాయంత్రం బడి వదిలాక పేపర్లు దిద్దుకుంటుంటే బుజ్జమ్మ వచ్చింది. "మిగిలిన సున్నం తీసుకెళ్లమంటారా టీచర్? ఇంగ్లీషు హోమ్‌వర్కుకి" అంది. తల ఎత్తకుండా తీసుకెళ్లమన్నాను. బకెట్టు బరువుగా ఉందంటే వరండా దాకా నేనే మోసుకొచ్చిచ్చాను. నా చీర మీద ఒలికిందని ఆ పిల్లని విసుక్కున్నాను కూడా. గదికొచ్చి ఆ చీర ఉతికి ఆరేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి వ్యాపారుల జీపు మా బడి ముందునుంచి వెళ్లింది. ముందు సీట్లో జగన్మోహనరావుగారు. మైలవరం నుంచి విస్సన్నపేట దాకా తోటలు కొనేవాళ్లలో పెద్దాయన. బడిని ఆనుకునే ప్రెసిడెంటుగారి తోట ఉంది. దాని గేటు దగ్గర ప్రెసిడెంటుగారు ఇస్త్రీ పంచెతో నిలబడి ఉన్నారు. జీపు ఆగింది. జగన్మోహనరావుగారు దిగకుండానే చెట్ల వైపు చూసి, ప్రెసిడెంటుగారి వైపు చూసి, నమస్కారం పెట్టి, డ్రైవరుకి పొమ్మని చెయ్యూపారు.

మేమిద్దరం వరండాలోంచే చూశాం. రోడ్డు పొడుగునా నలభై ఒక్క చెట్లకి తెల్లటి సున్నం. ఒక్కో చెట్టు మీద ఒక్కో ఇంగ్లీషు పేరు, పక్కన కొక్కెం, ఎస్. అక్కాచెల్లెళ్లు కలిసి పంచుకున్న చెట్టుకి కొక్కెం ఎస్ తర్వాతే ఉంది. ఒక్క తప్పు లేదు.

హైమవతి గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి జారిపోయింది. "శకుంతలా, అవి మావే" అంది. నాకు బకెట్టు గుర్తొచ్చింది. బయటికి మాత్రం ఆమెనే కసిరాను.

మధ్యాహ్నం ఇంటర్వెల్లులో తడిపిన గోనెపట్టా తీసుకుని తోటలోకి దూరాం. మొదటి చెట్టు దగ్గర ఆమె రుద్దడం మొదలుపెట్టింది. చేతులు ఎంత వణికాయంటే సున్నం పోవడానికి బదులు బెరడంతా పాకి, గుర్తు రెండింతలైంది. వెనక నుంచి యలమంద పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకండమ్మా! వేరేవాళ్లు తుడిస్తే దొంగతనం కింద లెక్క. మీ మీదికొస్తుంది."

"నువ్వు చూశావా యలమందా, పిల్లలు రాస్తుంటే?"

"చూడకేంటమ్మా, దగ్గరుండి కుంచె తడిపిచ్చాను. మా బుజ్జమ్మ ఇంగ్లీషులో పేరు రాస్తుంటే వద్దనబుద్ధి కాలేదు. ఇంతవుద్దని నాకేం తెలుసు?" అన్నాడు. కాసేపాగి, "నేను నిద్రపోయానని చెప్పేస్తానమ్మా. ఎవరో వేసి పోయారంటాను. మీరేం భయపడకండి. మీరు పోతే పిల్లకి మళ్లీ చదువెక్కడిది?" అన్నాడు.

హైమవతి అతని మొహంలోకి చూడలేకపోయింది. కాదనీ అనలేదు. నేనైతే ఆ మాట వినగానే లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఇది దాచడం అనవసరం.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ప్రెసిడెంటుగారు బడివాళ్లందర్నీ ఇంటికి పిలిపించారు. మేం తోట పక్కనే ఉంటాం కాబట్టి ఎవర్నైనా చూశామేమో కనుక్కుందామని. అప్పటికి ఆయన నలుగురు వ్యాపారులకి కబురు పంపారట, అది ఎవరి గుర్తో తేలేదాకా రామన్నారట. పది రోజులైతే వాళ్లకి కావలసిన తోటలు దొరుకుతాయి. ఆ తర్వాత కాయ రాలిపోయినా అడిగేవాడుండడు. అరుగు కింద యలమంద తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నిద్రపోయావా, ఎవడికైనా అమ్ముడుపోయావా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నిద్రపోయానండి."

"పద్నాలుగేళ్లుగా నిద్రపోనివాడివి, నిన్ననే పోయావా? రేపు మధ్యాహ్నానికి పాక ఖాళీ చెయ్యి. పెళ్లాం బిడ్డల్ని తీసుకుని ఊరు దాటు."

పక్కన హైమవతి శ్వాస వినిపిస్తోంది. నేను ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. "నోరు మూసుకో. ఎవరూ చూడలేదు. సంతకం ఇంకా కాలేదు" అని చెవిలో అన్నాను. నా గోళ్లు ఆమె చేతిలో దిగాయి. అది ఆమె కోసం పట్టుకోలేదు.

ఆమె చెయ్యి విడిపించుకుంది. ఎలా విడిపించుకుందో నాకిప్పటికీ తెలియదు, ఆమెకి అంత బలం లేదు. ఒక అడుగు ముందుకేసి ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

"ఏంటమ్మా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

మళ్లీ అంది. పెదాలు కదిలాయంతే.

"గట్టిగా చెప్పమ్మా!"

"ఆ గుర్తులు మా క్లాసువండి. పాఠం నేనే చెప్పాను. ఎక్కడైనా రాయమన్నది నేనే. యలమంద తప్పేం లేదండి."

ప్రెసిడెంటుగారు ఆమెని కింద నుంచి పైదాకా చూశారు. "నాకు చెబితే ఏం లాభం?" అన్నారు చివరికి. "నా మాట నమ్మరు వాళ్లు. రేపు పొద్దున్న గేటు దగ్గర వ్యాపారుల ముందు చెప్పాలి. పిల్లలందర్నీ తీసుకురా. ఆ తర్వాత నీ సంగతి చూస్తా."

మర్నాడు ఆమె కాఫీ తాగలేకపోయింది. గ్లాసు పళ్లకి తగిలి టకటకమంటుంటే కింద పెట్టేసింది. చీర మూడుసార్లు కట్టింది, కుచ్చిళ్లు చేతుల్లో నిలవలేదు. "నువ్వు వస్తావు కదా?" అని నన్ను నాలుగుసార్లడిగింది. వస్తానన్నాను. వెళ్లాను కూడా, వెళ్లి అందరికన్నా వెనక నిలబడ్డాను.

గేటు ముందు ఆరుగురు వ్యాపారులు, వాళ్ల వెనక సగం ఊరు. ఇవతల నలభై ఇద్దరు పిల్లలు వరసగా, ఒక్కరూ కిక్కురుమనకుండా. మధ్యలో హైమవతి. జగన్మోహనరావుగారు గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నారు. పద్ధతి ప్రకారం అడగవలసినవి అడిగారు.

"గుర్తు ఎవరిదమ్మా?"

"మాదండి. మా ఏడో తరగతిది."

"సున్నం ఎవరిచ్చారు?"

కమిటీ వాళ్లంతా అక్కడే ఉన్నారు. బుజ్జమ్మ తల తిప్పి నా వైపు చూసింది. ఇప్పుడు నేను ముందుకెళ్లి నేనే ఇచ్చానని చెప్పాలి. రెండే రెండు అడుగులు. ఆ దురుసు నోరు, ఆ ధైర్యం అప్పుడేమయ్యాయో నాకు తెలియదు.

"బడి సున్నమండి" అంది హైమవతి. బుజ్జమ్మ భుజం మీద చెయ్యి వేసి తన వైపు తిప్పుకుంది. "నేనే తీసుకోమన్నాను."

"తోట మీద మీకేమైనా హక్కుందా?"

"లేదండి."

"వదులుకుంటున్నారా?"

"నలభై ఒకటీ వదులుకుంటున్నామండి."

యలమంద కావిడితో నీళ్లు మోశాడు. పిల్లలు తమ తమ పేర్లు తామే తుడిచారు. ఏడుస్తూ కొందరు, ఆటగా కొందరు. సాయంత్రానికి జగన్మోహనరావుగారు తోట మాట్లాడుకుని తన గుర్తు వేయించారు. యలమంద పాక నిలిచింది.

సంతకం మాత్రం పడలేదు. పిల్లల్ని అదుపులో పెట్టుకోలేని మనిషి మా బడికి పనికిరాదని కమిటీలో ప్రెసిడెంటుగారు తేల్చేశారు. ఎవరికైనా చెప్పేదుందా అని మమ్మల్నడిగారు. నేను బల్ల మీద మరక చూస్తూ కూర్చున్నాను. పరీక్షలయ్యాక హైమవతి ట్రంకు పెట్టె యలమందే బస్టాపుకి మోశాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె నాకు చెయ్యూపుతూనే, టికెట్టు పిడికిట్లో పెట్టుకుని చూసుకుంటోంది.

మే నెలలో కోతలకి జగన్మోహనరావుగారి మనుషులు దిగారు. గేటు పక్కన పెద్ద రసాల చెట్టొకటి ఉంది. దాని బోదె మీద కొత్త సున్నం కనపడింది. పెద్ద పెద్ద వంకర అక్షరాలతో టీచర్ అని, కొక్కెం, ఎస్. కోతవాళ్లు ఆగిపోయి తమ షావుకారు జగన్మోహనరావుగారిని పిలిచారు. ప్రెసిడెంటుగారూ వచ్చారు. సెలవులకి ఊళ్లోనే ఉండిపోయాను, కబురు గది దాకా వచ్చి నేనూ వెళ్లాను.

"ఎవరు వేశారిది?" అన్నారు జగన్మోహనరావుగారు.

"తెలీదండి. నిద్రపోయాను" అన్నాడు యలమంద. పక్కన బుజ్జమ్మ కాళ్ల వేళ్లతో నేల గీస్తోంది. వాళ్లిద్దరికీ ఎంత భయమేసి ఉంటుందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

"పిచ్చి రాతలు, తుడిపించండి" అన్నారు ప్రెసిడెంటుగారు.

షావుకారు చెట్టు దగ్గరికెళ్లి ఆ అక్షరాలు చూశారు. "తుడవకూడదండి" అన్నారు. "ఆ టీచరమ్మ నా ముందు వదులుకున్నది నలభై ఒకటి. ఇది లెక్కలో లేదు. తనొచ్చి వదులుకునేదాకా నా మనుషులు దీని మీద చెయ్యి వెయ్యరు." కోతవాళ్లు పక్క చెట్టుకి జరిగారు. ప్రెసిడెంటుగారు ఇంటికి వెళ్లిపోయారు.

రసాలు పక్వానికొచ్చాక యలమందే చిక్కంతో ఒక్కొక్కటీ దింపి, గడ్డి పరిచిన బుట్టలో సర్ది నా గదికి తెచ్చాడు. "మీరు స్నేహితులు గదమ్మా, మీరే ఇచ్చి రండి" అన్నాడు. ఆ స్నేహితులనే మాట వినడం కష్టమైంది.

మైలవరంలో బస్సు మారి జి. కొండూరు వెళ్లాను. అన్నగారింటి వెనక వసారాలో నలుగురు పిల్లలకి చదువు చెబుతోంది. సన్నబడింది. బుట్ట చూడగానే లేచి నిలబడి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఎవరు కోశారివి? ప్రెసిడెంటుగారికి తెలుసా?"

జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె మొహం తెల్లబోయింది. "నేనొచ్చి వదులుకోవాలేమో శకుంతలా" అంది.

"వదులుకోకు" అన్నాను. ఇంక ఆపుకోలేక, "సున్నం బకెట్టు ఇచ్చింది నేనే హైమా" అన్నాను.

ఆమె పిల్లల పలకలు పక్కకి జరిపి నాకు చోటు చేసింది.

"తెలుసు. ఆ సాయంత్రం నువ్వు చీర ఉతుకుతుంటే చూశాను. అంచంతా సున్నమే."

"మరి గేటు దగ్గర చెప్పలేదేం?"

"నాకు భయపడడం అలవాటే కదా" అంది. "నీకు అలవాటు లేదు. తట్టుకోలేవనిపించింది."

బుట్టలో మెత్తబడిన పండొకటి ఏరి నా చేతిలో పెట్టింది. నా చెయ్యి వణుకుతుంటే పండు కింద పడకుండా తనే పట్టుకుంది.